అమ్మకమా, లైసెన్సా? సంగీత ప్రొడ్యూసర్ల ఒప్పందాల్లోకి డిజిటల్ రాయల్టీ వచ్చిన తీరు

చరిత్ర విద్యార్థులుగా మీరు శాసనాలను, కైఫియతులను, రెవెన్యూ రికార్డులను ఆధారాలుగా చదివే ఉంటారు. ఈ పాఠంలో మనవాళ్లు అంతగా పట్టించుకోని మరో ఆధారాన్ని ముందు పెట్టుకుందాం. అది పాటల రికార్డింగ్ కోసం కంపెనీలు, కళాకారులు రాసుకునే ఒప్పందపత్రం. చదవడానికి చప్పగా ఉంటుంది, వాక్యాలు చాంతాడంత ఉంటాయి. అయినా పాట వినిపించే యంత్రం మారిన ప్రతిసారీ ఆ పాట మీద వచ్చిన డబ్బు ఎవరి చేతికి చేరిందో తెలుసుకోవాలంటే ఈ కాగితమే చూడాలి.

మనం ప్రధానంగా చూడబోయేది అమెరికాలో 1998లో రాసిన ఒక ఒప్పందం. అందులోని రెండు షరతుల మీద వచ్చిన తగాదా 2010లో అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. ఆ తగాదా అర్థం కావాలంటే ముందు ఇద్దరు వ్యక్తుల మధ్య తేడా తెలియాలి.

"ప్రొడ్యూసర్" అంటే ఎవరు?

మనకు ప్రొడ్యూసర్ అనగానే సినిమాకు పెట్టుబడి పెట్టే నిర్మాత గుర్తుకొస్తాడు. మన కాపీరైట్ చట్టం కూడా సౌండ్ రికార్డింగు తయారీకి చొరవ తీసుకొని, బాధ్యత వహించిన వ్యక్తినే ప్రొడ్యూసర్ అంటుంది. ఆచరణలో అది చాలావరకు కంపెనీయే. అమెరికా రికార్డు పరిశ్రమలో ఈ మాటకు అర్థం వేరు. ఏ పాట ఎంచుకోవాలి, ఏ వాద్యం ఎక్కడ రావాలి, గాయకుడి చేత ఎన్నిసార్లు పాడించాలి, చివరికి ఆ ధ్వని ఎలా ఉండాలి అని నిర్ణయించేవాడు అక్కడి రికార్డు ప్రొడ్యూసర్. మన సినిమా సంగీతంలో సంగీత దర్శకుడు, అరేంజరు, సౌండ్ ఇంజనీరు కలిసి చేసే పనిలో చాలా భాగం అతను చేస్తాడు. ఈ పాఠంలో "ప్రొడ్యూసర్" అన్నప్పుడల్లా, వేరుగా చెబితే తప్ప, ఈ రెండో అర్థమే తీసుకోండి.

అతని ప్రతిఫలంలో సాధారణంగా రెండు భాగాలుంటాయి. ఒకటి ముందుగా ఇచ్చే అడ్వాన్సు. రెండోది రికార్డు ధరలో మూడు నాలుగు శాతం రాయల్టీ. ఈ రాయల్టీ తరచుగా గాయకుడి వాటాలోంచే వస్తుంది. గాయకుడికి ఏ పద్ధతిలో లెక్క కడితే ప్రొడ్యూసర్‌కూ అదే పద్ధతిలో లెక్క కడతారు. అంటే ప్రొడ్యూసర్ ఒప్పందం గాయకుడి ఒప్పందానికి బిడ్డ లాంటిది. తల్లి ఒప్పందంలో లేని మాట దీనిలోకి రాదు. డిజిటల్ కాలంలో ప్రొడ్యూసర్లు పడిన ఇబ్బందిలో సగం ఇక్కడే ఉంది.

యంత్రం మారింది, మాట మారలేదు

కొత్త యంత్రం వచ్చినప్పుడు పాత మాటలు చాలకపోవడం డిజిటల్‌తో మొదలైన సమస్య కాదు. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక విచిత్రమైన ప్రశ్న వచ్చింది. అప్పట్లో చిల్లులు పొడిచిన కాగితపు చుట్టను అమర్చితే తనంతట తాను వాయించే పియానోలు ఉండేవి. ఒకరి పాటను అలాంటి చుట్ట మీదికి ఎక్కిస్తే అది ఆ పాటకు నకలు అవుతుందా? వైట్-స్మిత్ కంపెనీకీ అపోలో కంపెనీకీ మధ్య నడిచిన ఈ వ్యాజ్యంలో కోర్టు "కాదు" అంది. మనిషి కంటితో చూసి స్వరాలుగా చదవగలిగితేనే నకలు అని ఆనాటి చట్టానికి అర్థం చెప్పింది. దాంతో స్వరకర్తలకు పైసా రాలేదు. మరుసటి ఏడాదే, 1909లో, అమెరికా కాంగ్రెస్ చట్టం మార్చి యాంత్రికంగా తయారయ్యే ప్రతి ప్రతికీ 2 సెంట్లు చెల్లించాలని నిర్ణయించింది. ఆ 2 సెంట్లు 1978 దాకా అలాగే ఉన్నాయి. రెండు ప్రపంచ యుద్ధాలు గడిచాయి, ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి, రేటు మాత్రం కదల్లేదు.

ఇక ఒప్పందాల సంగతి చూడండి. పాత గ్రామఫోను ప్లేట్లను లక్కతో చేసేవారు. ఆ లక్కలో చాలా భాగం మన దేశపు అడవుల నుంచే వెళ్లేది. లక్క ప్లేటు చేయి జారితే పగిలిపోతుంది. అందుకని కంపెనీలు రవాణాలో పగిలే వాటి కింద కొంత తీసేసి, నూటికి తొంభై ప్లేట్ల మీదే రాయల్టీ కట్టేవి. 1948 తర్వాత వినైల్ ప్లేట్లు వచ్చాయి. అవి అంత సులభంగా పగలవు. అయినా "పగుళ్ల తగ్గింపు" ఒప్పందాల్లో ఉండిపోయింది. తర్వాత క్యాసెట్, 1982లో సీడీ వచ్చాయి. వాటికి పెట్టె ఖర్చు పేరుతో మరో తగ్గింపు, కొత్త సాంకేతికత పేరుతో ఇంకో తగ్గింపు చేరాయి.

2006లో ఆల్‌మన్ బ్రదర్స్, చీప్ ట్రిక్ బృందాలు సోనీ బీఎంజీ కంపెనీ మీద న్యూయార్క్‌లో దావా వేశాయి. వాటి ఫిర్యాదులలో ఇదీ ఒకటి: డౌన్‌లోడ్ చేసుకునే పాటకు పెట్టె లేదు, పగలడానికి ఏమీ లేదు, అయినా పెట్టె ఖర్చూ పగుళ్ల ఖర్చూ కోసుకుంటున్నారు. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా విద్యార్థులు నవ్వేవారు. నవ్వవలసిందే గాని, చరిత్ర దృష్టితో చూస్తే ఇది మంచి ఆధారం కూడా. పాత గోడలో ఇరుక్కున్న ఇంకా పాత ఇటుకను చూసి కాలం చెప్పినట్టు, ఒప్పందంలో మిగిలిపోయిన మాటను బట్టి అది ఏ కాలంలో పుట్టిందో చెప్పవచ్చు.

1998 నాటి ఒప్పందం

డెట్రాయిట్ నగరంలో మార్క్ బాస్, జెఫ్ బాస్ అనే అన్నదమ్ములు పాటల ప్రొడ్యూసర్లు. వారి సంస్థ పేరు ఎఫ్.బి.టి. ప్రొడక్షన్స్. ఇంకా పేరు రాని ఎమినెమ్ అనే ర్యాప్ గాయకుడితో ఆ సంస్థ 1995లో ఒప్పందం చేసుకుంది. 1998లో అతని రికార్డింగు హక్కులను డాక్టర్ డ్రే స్థాపించిన ఆఫ్టర్‌మాత్ రికార్డ్స్‌కు బదలాయించింది. ఆఫ్టర్‌మాత్ యూనివర్సల్ సంగీత సంస్థల కుటుంబంలోనిది. ప్రతిఫలంగా ఎఫ్.బి.టి.కి రాయల్టీ రావాలి.

మన పాఠానికి కావలసిన రెండు షరతులు ఇవి. ఒకటి, అమ్ముడైన రికార్డుల షరతు: అమెరికాలో మామూలు చిల్లర అమ్మకం దారుల ద్వారా పూర్తి ధరకు అమ్ముడైన రికార్డుల మీద, సవరించిన ధరలో 12 నుంచి 20 శాతం చెల్లించాలి. రెండు, లైసెన్సుకిచ్చిన మాస్టర్ల షరతు: రికార్డులు తయారుచేసి అమ్ముకోవడానికి గాని, మరే ఉపయోగానికి గాని మాస్టర్ రికార్డింగును ఇతరులకు లైసెన్సుకిస్తే, కంపెనీకి వచ్చిన నికరాదాయంలో సగం చెల్లించాలి. ఈ రెండో షరతు "పైన ఏమి చెప్పినప్పటికీ" అన్న అర్థంగల మాటతో మొదలవుతుంది. ఆ మాటను గుర్తుపెట్టుకోండి, కథ అక్కడికే తిరిగి వస్తుంది.

ఈ కాగితం మీద సంతకాలు పడే నాటికి ఇంటర్నెట్‌లో పాట కొనుక్కునే పెద్ద దుకాణమేదీ లేదు. 1999లో నాప్‌స్టర్ వచ్చి జనం పాటలను ఉచితంగా పంచుకోవడం మొదలైంది. 2003 ఏప్రిల్‌లో యాపిల్ కంపెనీ ఐట్యూన్స్ దుకాణం తెరిచి పాటకు 99 సెంట్లు ధర పెట్టింది. యూనివర్సల్ అంతకు ముందే యాపిల్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ తర్వాత మొబైల్ కంపెనీలతోనూ రింగ్‌టోన్ల కోసం చేసుకుంది. ఎమినెమ్ పాటలు లక్షల ఫోన్లకు, కంప్యూటర్లకు చేరాయి. ఆఫ్టర్‌మాత్ వాటిని మొదటి షరతు కింద, అంటే అమ్మకంగా లెక్కగట్టి రాయల్టీ ఇచ్చింది. ఎఫ్.బి.టి. 2006లో లెక్కలు తనిఖీ చేయించింది. 2007లో కోర్టుకెక్కింది. ఎమినెమ్ మాత్రం ఈ వ్యాజ్యంలో వాది కాడు, ప్రతివాదీ కాడు.

తేడా ఎంత? మీరే ఒక కాగితం మీద వేసి చూడండి. 99 సెంట్లలో సుమారు 70 సెంట్లు రికార్డు కంపెనీకి వచ్చేవి. అమ్మకం అనుకొని, ఉదాహరణకు 15 శాతం చొప్పున, తగ్గింపులేవీ లేకుండా వేస్తే 15 సెంట్లకు కాస్త తక్కువ. లైసెన్సు అనుకొని 70లో సగం వేస్తే 35 సెంట్లు. ఇది సరళం చేసిన లెక్కే. స్వరకర్తల చెల్లింపుల వంటివి నేను వదిలేశాను. అయినా ఒక్క మాటకు అర్థం మారితే వాటా రెండింతలు దాటుతుందని తెలుస్తుంది.

కంపెనీ వాదన తీసిపారేయదగినది కాదు. కొనేవాడి వైపు నుంచి చూస్తే ఐట్యూన్స్ ఒక దుకాణమే. అతను డబ్బు కట్టాడు, పాట తన దగ్గర శాశ్వతంగా ఉంటుంది. సీడీ కొనడానికీ దీనికీ తేడా ఏముంది? లైసెన్సు షరతు ఉద్దేశించింది సినిమాలో పాట వాడుకోవడం, రకరకాల పాటలు కలిపి సంకలనాలు వేయడం వంటి వాటిని అని, పరిశ్రమ ఆచారం అదేనని కంపెనీ చెప్పింది. కింది కోర్టు ఒప్పందంలో అస్పష్టత ఉందని భావించి విషయాన్ని జ్యూరీకి వదిలేసింది. 2009లో జ్యూరీ కంపెనీ వైపు తీర్పిచ్చింది.

2010 సెప్టెంబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని తలకిందులు చేసింది. కోర్టు చూసింది కొనేవాడి వైపు నుంచి కాదు, యూనివర్సల్‌కూ యాపిల్‌కూ మధ్య ఏం జరిగిందన్న వైపు నుంచి. యూనివర్సల్ తన మాస్టర్లను యాపిల్‌కు అమ్మలేదు. యాజమాన్యం తన దగ్గరే ఉంచుకొని, నకళ్లు తీసి పంపిణీ చేయడానికి అనుమతి మాత్రమే ఇచ్చింది. అలాంటి అనుమతిని మామూలు భాషలోనూ, కాపీరైట్ చట్టం భాషలోనూ లైసెన్సు అనే అంటారు. ఇక ఐట్యూన్స్ మామూలు దుకాణమే అనుకున్నా, రెండో షరతు "పైన ఏమి చెప్పినప్పటికీ" అంటూ మొదలవుతుంది కాబట్టి మొదటి షరతు దాని ముందు నిలవదు. 2011లో సుప్రీంకోర్టు ఈ కేసును విచారణకు తీసుకోవడానికి నిరాకరించింది. 2012లో ఇరుపక్షాలు రాజీ పడ్డాయి.

ఇక్కడ ఒక చిన్న సంగతి చాలామంది వదిలేస్తారు. ఈ ఒప్పందాన్ని 2004లో సవరించారు. అందులో డౌన్‌లోడ్ మాట కూడా వచ్చింది. అమ్మకాలు పెరిగేకొద్దీ రాయల్టీ రేటు మెట్టుమెట్టుగా పెరిగే లెక్కలో డౌన్‌లోడ్ ఆల్బమ్‌లను కూడా కలపాలని రాసుకున్నారు. కంపెనీ దాన్ని చూపించి, డౌన్‌లోడ్ అమ్మకమేనని మీరే ఒప్పుకున్నారు కదా అంది. ఆ సవరణ మెట్ల లెక్కకే పరిమితమని కోర్టు చెప్పింది. అంటే డిజిటల్ వచ్చాక ఇద్దరూ కూర్చొని కాగితం దిద్దుకున్నారు గాని, అసలు ప్రశ్నను ముట్టుకోలేదు. ఎవరికి అనుకూలమైన అర్థాన్ని వారు మనసులో పెట్టుకొని సంతకం చేశారని నా అనుమానం.

కలం ఎవరి చేతిలో ఉంది

ఈ తీర్పును కళాకారుల విజయంగా వర్ణించేవారు ఉన్నారు. నేను అంత దూరం పోను. అది ఒక ఒప్పందంలోని మాటలకు చెప్పిన అర్థం. అటువంటి మాటలే ఉన్న పాత ఒప్పందాలవారు దాన్ని పట్టుకొని దావాలు వేశారు, పెద్ద కంపెనీలు కొన్ని రాజీకి వచ్చాయి. కానీ కొత్త ఒప్పందాలు రాసేది కంపెనీ వకీళ్లే. డౌన్‌లోడ్, స్ట్రీమింగ్ వంటి వాటికి ఏ రేటు వర్తిస్తుందో, వాటిని అమ్మకం లాగే లెక్కించాలో లేదో వారు విడిగా, స్పష్టంగా రాయడం మొదలుపెట్టారు. 1998 నాటి వారికి ఖాళీగా దొరికిన చోటు తర్వాతి తరానికి దొరకలేదు. ఒప్పందంలో మాట లేని చోట డబ్బు ముందుగా మాస్టర్ ఎవరి దగ్గర ఉందో వారి గల్లాపెట్టెలోకే పోతుంది. తన వాటా కావాలన్నవాడు తిరిగి రుజువు చేసుకోవాలి. అన్నదమ్ములిద్దరికీ ఎమినెమ్ వంటి గాయకుడి పాటలు ఉన్నాయి గనుక ఏళ్ల తరబడి వ్యాజ్యం నడపగలిగారు. ఒకటి రెండు పాటలు చేసిన ప్రొడ్యూసర్‌కు లెక్కల తనిఖీకే ఆస్తి కరిగిపోతుంది.

కోర్టు కాకుండా ఇంకో దారి చట్టం. అమెరికా 1995 నవంబరు 1న చేసిన చట్టం సౌండ్ రికార్డింగులకు డిజిటల్ ప్రసార హక్కు ఇచ్చింది. ఇంటర్నెట్ రేడియో, ఉపగ్రహ రేడియో వంటివి చెల్లించే డబ్బును సౌండ్‌ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ వసూలు చేసి పంచుతుంది. శ్రోత కోరుకున్న పాటను వినిపించే స్పాటిఫై వంటి సేవలు దీని కిందికి రావు, అవి కంపెనీలతో నేరుగా మాట్లాడుకుంటాయి. రేడియో డబ్బును చట్టమే పంచింది: మాస్టర్ హక్కుదారుకు 50 శాతం, ప్రధాన కళాకారులకు 45, తోడు వాద్యకారులకూ గాయకులకూ కలిపి 5. మొత్తం నూరూ అయిపోయింది. ప్రొడ్యూసర్ పేరు లేదు. ప్రధాన కళాకారుడు దయతలచి, నా వాటాలోంచి ఇతనికి ఇంత ఇవ్వండని ఉత్తరం రాసిస్తే ఆ మేరకు సౌండ్‌ఎక్స్‌ఛేంజ్ చెల్లించేది.

2018 అక్టోబరులో వచ్చిన సంగీత ఆధునికీకరణ చట్టం ఈ ఉత్తరాల పద్ధతికి చట్టబద్ధత ఇచ్చింది. 1995 నవంబరు 1కి ముందు చేసిన రికార్డింగులకు మరో వెసులుబాటు పెట్టింది. అప్పటికి ఆ హక్కే లేదు కాబట్టి ఏ ప్రొడ్యూసరూ దాని గురించి ఒప్పందంలో రాసుకొని ఉండడు. అందుకని, తగిన ప్రయత్నం చేసినా కళాకారుడి నుంచి ఉత్తరం దొరకకపోతే, ఆయన అభ్యంతరం చెప్పకపోతే, రాబడిలో 2 శాతం ప్రొడ్యూసర్‌కు వెళ్తుంది. ఆ 2 శాతం ఎక్కడి నుంచి తీశారో గమనించారా? కళాకారుల 45 నుంచి. కంపెనీ 50 చెక్కుచెదరలేదు. ఈ చట్టం ఉభయ సభల్లోనూ ఏకగ్రీవంగా ఆమోదం పొందడంలో నాకు ఆశ్చర్యమేమీ కనిపించదు.

మన దేశంలో

ఇదే ప్రశ్న మన దగ్గర వేరే దారిలో నడిచింది. మద్రాసులో తెలుగు సినిమా ఉన్న రోజుల నుంచీ గీత రచయితకూ సంగీత దర్శకుడికీ సినిమాకు ఇంత అని గుత్తగా ఇవ్వడమే రివాజు. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ఆధారంగా 1977లో సుప్రీంకోర్టు ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ కేసులో తీర్పు చెప్పింది. డబ్బిచ్చి పాట రాయించుకున్న, స్వరపరిపించుకున్న సినీ నిర్మాతే, విరుద్ధమైన ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు అంది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పుకు తోకగా ఒక వ్యాఖ్య జోడించి, పాడేవారికి చట్టంలో రక్షణ లేకపోవడాన్ని ఎత్తిచూపారు. ఆ తర్వాత క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, 2000ల దశకంలో మీ ఇంట్లో పెద్దల ఫోన్లలో కాలర్ ట్యూన్లు మోగాయి. గుత్త డబ్బు పుచ్చుకున్నవారి రసీదులో వీటి ప్రస్తావన ఎక్కడ ఉంటుంది?

2012లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. రాజ్యసభ సభ్యుడిగా గీత రచయిత జావేద్ అఖ్తర్ దీనికోసం గట్టిగా మాట్లాడారు. జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చిన ఈ సవరణలో మనకు కావలసినవి రెండు. మొదటిది, ఒప్పందం రాసేనాటికి లేని, లేదా వ్యాపారంలోకి రాని మాధ్యమానికి ఆ హక్కుల బదలాయింపు వర్తించదు, ఆ మాధ్యమాన్ని ప్రత్యేకంగా పేర్కొని ఉంటే తప్ప. రెండోది, సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం కాక మిగతా ఉపయోగాల మీద వచ్చే రాయల్టీలో గీత రచయితకూ స్వరకర్తకూ సమాన వాటా ఉంటుంది. దాన్ని వారు కావాలన్నా రాసివ్వలేరు. అమెరికాలో "ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే అన్ని మాధ్యమాలకూ" అని ఒక్క వాక్యం రాసేసుకుంటే చెల్లుతుంది. మన చట్టం ఆ దారిని చాలావరకు మూసేసింది. ఈ విషయంలో మన చట్టం అమెరికా చట్టం కంటే ముందుంది అనే నా అభిప్రాయం.

కానీ ఆ సమాన వాటా ఎవరికి? రచయితకు, స్వరకర్తకు. పాడినవారికి, వాయించినవారికి ప్రదర్శకుల హక్కు కింద వేరే సెక్షన్ ఉంది. హైదరాబాదులో ఒక గదిలో కంప్యూటర్ ముందు కూర్చొని లయ అల్లి, వాద్యాలు పేర్చి, గొంతులు సరిచేసి, పాటకు ధ్వనిరూపం ఇచ్చే మనిషి సంగతి? అమెరికా అర్థంలో అతనే ప్రొడ్యూసర్. మన చట్టం దృష్టిలో ప్రొడ్యూసర్ మాత్రం అతని చేత పని చేయించిన చానలో, కంపెనీయో. స్వరకర్తగా గాని, వాద్యకారుడిగా గాని తన పేరు నిలబెట్టుకోలేకపోతే, అతనికి చట్టం ఇచ్చేది దాదాపు ఏమీ లేదు. ఒప్పందంలో ఉన్నదే అతనిది. యూట్యూబు కోసం జానపద గీతాలు తీస్తున్న మన పల్లెల్లో ఆ ఒప్పందం చాలాసార్లు ఒక ఫోను మాట, ఒక ఆన్‌లైన్ చెల్లింపు. మీలో కొందరు ఇలాంటి పనిలో ఉండవచ్చు. అలా ఉంటే ఈ అభ్యాసాన్ని మీ కాగితంతోనే చేయండి, లేనివారు 1998 ఒప్పందంతో చేయండి.

అభ్యాసం: పైన ఇచ్చిన రెండు షరతులనూ మళ్లీ చదవండి. శ్రోత నెలకింత అని చందా కట్టి పాట వింటున్నాడు, పాట అతని దగ్గర మిగలదు, చందా ఆపితే వినబడదు. ఈ రాబడి ఏ షరతు కిందికి వస్తుంది? ముందు కంపెనీ వకీలుగా ఒక పేజీ, తర్వాత ప్రొడ్యూసర్ వకీలుగా ఒక పేజీ రాయండి. రెండు పేజీల్లోనూ "పైన ఏమి చెప్పినప్పటికీ" అన్న మాటకు జవాబు ఉండాలి.